మోకాలికి పైన నాలుగంగుళాలు

కటింగ్ మాస్టారికి యాభై నాలుగేళ్ళు. అందులో ముప్ఫై ఆరేళ్ళు కత్తెరతోనే గడిచాయి. ఎవరు కనిపించినా ముందు భుజాలు చూస్తారు, ఆ తర్వాతే మొహం. ఎదురు కొట్టాయన పేరేమిటంటే తడుముకుంటారు గానీ, ఆయన ఎడమ భుజం కుడిదానికంటే అరంగుళం కిందికి ఉంటుందని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకి "కొలతలు కుదరలేదండీ" అని చెప్పి నవ్వించేవారు. అసలు సంగతి వేరు. సంబంధాలు చూడటం మొదలైన ఏడాదే బావగారు పోయి, అక్క ఐదేళ్ళ ఆడపిల్లని చంకనేసుకుని కొట్టు మీద గదుల్లోకి వచ్చింది. ఆ పిల్లకి జడలు వెయ్యడం, అక్కకి మిషను నేర్పడం, కొట్టు నడపడం, ఈ మూడింట్లో పడి మాస్టారు పెళ్ళివాళ్ళకి జవాబు చెప్పడం మరిచిపోయారు. వాళ్ళూ మళ్ళీ గుర్తు చెయ్యలేదు.

కింద కొట్టు, పైన రెండు గదులు. కొట్లో పొడుగాటి కటింగ్ బల్ల, రెండు తొక్కుడు మిషన్లు, ఇస్త్రీ బల్ల, మేకులకి వేలాడే అట్ట నమూనాలు. కిటికీ పక్క మిషను అక్కది. ఆవిడ మాస్టారికంటే ఆరేళ్ళు పెద్ద. కోపం ముక్కు మీదే ఉంటుంది. వీధి వీధంతా మాస్టారూ అని పిలిచే మనిషిని పట్టుకుని, కొట్టు నిండా జనం ఉన్నా సరే, "ఒరేయ్, ఆ చంక దగ్గర తేడాగా కోశావు, కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అనేసేది. తమ్ముడు చెప్పిన మాట ఆవిడ విన్న దాఖలా ఎక్కడా లేదు. దుప్పటి ఎటు మడవాలన్నా ఆవిడ మాటే నెగ్గాలి. ఒక్క విషయంలో మాత్రం తమ్ముడి మాట తు.చ. తప్పకుండా విన్నది. వినకుండా ఉంటే ఎంత బాగుండేదో అని మాస్టారు ఇప్పటికీ రోజుకి పదిసార్లు అనుకుంటారు.

ఆ కథ ఇది.

పదకొండేళ్ళ కిందట ఒక పెద్దాయన కోటు వదులు చేయించుకోవడానికి వచ్చాడు. మాస్టారు వెన్ను మీద టేపు పెట్టగానే, "ఇదిగో, సరిగ్గా ఇక్కడ అడుగున ఒక శక్తి పడుకుని ఉందయ్యా. దాన్ని లేపడమే మనిషి చెయ్యాల్సిన పని" అన్నాడు. మాస్టారికి నవ్వొచ్చింది. కానీ డెబ్బై దాటిన ఆ వెన్ను స్కేలు పెట్టి గీసినట్టు నిటారుగా ఉండటం చూసి నవ్వు ఆగిపోయింది. నెల తిరక్కుండా ఆయన శిష్యుడైపోయారు. పెద్దాయన చెవిలో మంత్రం చెప్పాడు, జపమాల చేతికిచ్చాడు. జపం సాగేకొద్దీ శక్తి మేలుకుంటుందన్నాడు. కొందరికి ముందు అరికాళ్ళలో చీమలు పాకినట్టు ఉంటుందనీ, తర్వాత మెట్టు మెట్టుగా పైకెక్కుతుందనీ, చివరికి ఈ ఒళ్ళు నాది కాదన్నంత తేలికైపోతుందనీ చెప్పాడు. ఇంకా ఏమేం చెప్పేవాడో, రెండేళ్ళకి కన్నుమూశాడు.

మాస్టారు మాత్రం వదల్లేదు. తెల్లవారకముందే లేచి గోడకి వీపు ఆనించకుండా కూర్చుని ఏడు మాలలు తిప్పేవారు. బట్ట కోస్తున్నా పెదాలు కదులుతూనే ఉండేవి. పదకొండేళ్ళు అలా గడిచాయి. వచ్చిందేమిటయ్యా అంటే మోకాళ్ళ నొప్పులు. శక్తి మాత్రం హాయిగా గుర్రు పెట్టి నిద్రపోతూనే ఉంది.

ఆ సంగతి నిజాయితీగా ఒప్పుకుని ఉంటే గొడవే లేదు. వారానికోసారి సాయంత్రం షట్టరు సగం దించి, నలుగురైదుగురు ఆ కొట్లోనే జపానికి కూర్చునేవారు. గడియారాలు బాగుచేసే ఆయన, రిటైరైన లైబ్రేరియను, ఇంకో ఇద్దరు. ఒకసారి లైబ్రేరియను అడిగాడు: "మాస్టారూ, ఉన్నమాట చెప్పండి, మీకు మేలుకుందా?"

లేదండీ అంటే అయిపోయేది. మాస్టారు చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వుకి అర్థం అవునని వాళ్ళు అనుకున్నారు, ఈయన అనుకోనిచ్చారు. "ఎలా ఉంటుందండీ?" అని గడియారాలాయన ముందుకి వంగాడు. అప్పుడు మాస్టారి నోటి వెంట దానంతటదే వచ్చేసింది: "వెచ్చటి ఇస్త్రీపెట్టెని వీపు మీద కింద నుంచి పైకి నెమ్మదిగా నడిపినట్టుంటుంది." కుట్టేవాడి అబద్ధం కదా, ఎక్కడా ముడత లేకుండా కుదిరింది. నలుగురూ చేతులు జోడించారు.

కిటికీ దగ్గర మిషను చప్పుడు ఆగింది. అక్క అంతదాకా ఎవరిదో లంగా అంచు కుడుతోంది.

అందరూ వెళ్ళాక అడిగింది. "ఒరేయ్, నిజంగానేరా?"

"ఊ" అన్నారు మాస్టారు, కత్తెర తుడుచుకుంటూ.

అక్క మిషను మీద గుడ్డ కప్పింది. తర్వాత, "నాకూ చెప్పరా ఆ మంత్రం. ఇరవై రెండేళ్ళుగా జనం బట్టల అంచులే కుడుతున్నాను. నాకంటూ ఏదైనా ఒకటి ఉండాలి కదరా" అంది. ఆవిడ తమ్ముణ్ణి ఒకటి అడగడం, అదీ అంత మెత్తగా అడగడం, అదే మొదలు. మంత్రం ఇవ్వడానికి తనకి అర్హత లేదని మాస్టారికి తెలుసు. అయినా ఇచ్చారు. రోజుకి ఏడు మాలల చొప్పున లక్షా పాతికవేలు జపం పూర్తి చెయ్యాలని, మధ్యలో ఆపకూడదని, ముందు అరికాళ్ళలో చీమలు పాకినట్టు ఉంటుందని, పెద్దాయన గొంతు అరువు తెచ్చుకుని మరీ చెప్పారు.

మూడు వారాలు తిరక్కముందే ఒక పొద్దున అక్క చెప్పులు లేకుండా మెట్లు దిగి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. "తమ్ముడూ, వచ్చిందిరా! అరికాళ్ళలో చీమలు పాకుతున్నాయిరా, అచ్చం చెప్పినట్టే!" అని రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. నవ్వుతోంది, ఏడుస్తోంది. బావగారు పోయాక ఆవిడ మొహంలో అంత వెలుగు ఎవరూ చూడలేదు.

మాస్టారికి ఆ క్షణంలో మొట్టమొదట కలిగింది సంతోషం కాదు. అసూయ. పదకొండేళ్ళు మోకాళ్ళు అరగదీసుకున్నది నేనూ, మూడు వారాల్లో అందుకున్నది ఈవిడా అనుకున్నారు. ఆ తర్వాత, కాస్త ఆలస్యంగా, ఊరట కలిగింది. అయితే పెద్దాయన చెప్పింది నిజమే. అయితే తను చెప్పింది కూడా పూర్తిగా అబద్ధం కాదు, తనకి జరగలేదు, అంతే. అలా తన అబద్ధానికి అక్క సాక్ష్యం అయిపోయింది. అప్పట్నుంచి ఆవిడకి జరుగుతున్నది నిజమే కావాలని ఆవిడ కంటే ఎక్కువగా ఆయనే కోరుకున్నారు.

అది పైకెక్కసాగింది. చీలమండ దాటింది, పిక్క దాటింది. "ఇవాళ ఇక్కడిదాకా వచ్చిందిరా" అని అక్క చూపించేది. మాస్టారు మెడలోని టేపు తీసి కొలిచేవారు. కొలతల పుస్తకంలో గిరాకీల మెడలూ చేతులూ నడుములూ రాసే పేజీల మధ్యే ఒక పేజీ పైన 'అక్క' అని రాసి, కింద తారీఖు వేసి, అంగుళాలు రాసేవారు. చీలమండకి పైన మూడు. మోకాలికి కింద రెండు. మోకాలు. రెండున్నర నెలలు గడిచేసరికి, మోకాలికి పైన నాలుగంగుళాలు. ఆ రోజు అక్క పిన్‌కుషన్‌లోంచి సూది తీసి, తొడ మీద గుచ్చుకుని చూపించింది. చిన్న నెత్తుటి చుక్క వచ్చింది. "చూశావా, ఏమీ తెలియడం లేదు! ఒళ్ళు నాది కానట్టే ఉంది" అని గర్వంగా నవ్వింది. మాస్టారు ఆ చుక్కని చూశారు. తల వంచుకుని అంగుళాలు రాసుకున్నారు.

నిజం చెప్పాలంటే అదే వారం మిషను కూడా ఆయనకి చెప్పింది. అక్క పాదం తొక్కుడు పలక మీంచి జారిపోతోంది, జారిన సంగతి ఆవిడకి తెలియడం లేదు. సూది మధ్యలో ఆగుతోంది, మళ్ళీ ఉలిక్కిపడి పరుగెడుతోంది. ఇరవై రెండేళ్ళలో గీత తప్పని చెయ్యి, ఒక ప్యాంటు అంచుని తాగినవాడి నడకలా కుట్టింది. మాస్టారు ఏం చేశారు? ఆవిడ పైకి వెళ్ళాక కూర్చుని, కుట్టంతా విప్పి, తనే మళ్ళీ కుట్టారు. మర్నాడు ఇంకోటి. ఆ మర్నాడు ఇంకోటి. తర్వాత, "సాధనలో ఉన్నదానివి, కాళ్ళు శ్రమపెట్టకూడదక్కా, బొత్తాలు కుట్టు చాలు" అని మిషను మీంచి లేపేశారు. అక్క ఎంత పొంగిపోయిందో! తన సాధనకి తమ్ముడు ఇస్తున్న గౌరవం అనుకుంది.

ఆయనకి తెలుసు. తెలియదని తనకి తాను ఎన్ని రకాలుగా చెప్పుకున్నా, కుట్టు తెలిసిన మనిషికి ఆ కుట్టు చూశాక తెలియకుండా ఉండదు. కానీ ఇది శక్తి కాదక్కా అనాలంటే, నీకెలా తెలుసురా అంటుంది. నాకెప్పుడూ రాలేదు గనక నాకేమీ తెలియదు అని చెప్పాలి. ఆ నలుగురి ముందూ ఆ నవ్వు వెనక్కి తీసుకోవాలి. అంత చిన్న పని ఆయన వల్ల కాలేదు.

మేనకోడలు పోస్టాఫీసు కౌంటరులో పనిచేస్తుంది. రోజంతా కవర్ల మీద ముద్రలు కొట్టి వచ్చే పిల్ల, అయినా దానికి అమ్మ నడక ఎలా ఉందో కనబడింది. గోడ పట్టుకుని మెట్లు దిగుతోందని, బాత్రూములోకి వెళ్ళడానికి తొందర పడుతోందని గమనించింది. "డాక్టరు దగ్గరికి వెళ్దాం పదమ్మా" అంటే అక్క కొట్టిపారేసింది.

"డాక్టరుకేం తెలుసే? మీ మావయ్యనడుగు. ఆయనకన్నీ తెలుసు."

ఆ పిల్ల కిందికి వచ్చి బల్లకి ఆనుకుని నిలబడింది. "మావయ్యా, నాకు భయంగా ఉంది. నువ్వేమంటావ్?"

మాస్టారు బల్ల మీద సుద్దతో గీత గీస్తున్నారు. గీత ఆగింది. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. తీసుకెళ్ళమ్మా. అంతే. ఆగిన గీతని పూర్తి చేస్తూ, "జపం లెక్క పూర్తి కానివ్వమ్మా. ఇలాంటివి మధ్యలో ఆపకూడదు" అన్నారు. ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసి తేలిగ్గా ఊపిరి తీసుకుంది. "నువ్వున్నావు కదా, నాకేం భయం" అని పైకి వెళ్ళిపోయింది.

తర్వాత ఏడు వారాలకి ఒక మధ్యాహ్నం అక్క మెట్ల మీద కూలబడింది. పడటం కూడా కాదు, కాళ్ళు కింద మడతపడిపోయాయి. పైనుంచి మూడో మెట్టు మీద కూర్చుని, "ఒరేయ్, లేవలేకపోతున్నానురా" అని పిలిచింది. ఆ గొంతులో కోపం లేదు. అక్క గొంతులో కోపం లేకపోవడం మాస్టారు ఎప్పుడూ వినలేదు. కత్తెర అక్కడే పడేసి పరుగెత్తారు.

ఆసుపత్రిలో ఫొటోలు తీశారు. డాక్టరమ్మ చిన్న వయసుదే, మాట సూటిగా ఉంది. వెన్నుపాము పక్కన చిక్కుడు గింజంత గడ్డ ఉందని, ప్రమాదకరమైన రకం కాదని, కానీ అది నరాన్ని నొక్కేస్తోందని, తియ్యక తప్పదని చెప్పింది. కాగితం తీసుకుని, "తిమ్మిర్లు ఎప్పుడు మొదలయ్యాయి? ఎంత తొందరగా పైకి పాకాయి?" అని అడిగింది.

మేనకోడలు అమ్మవైపు చూసింది. అక్క తమ్ముడివైపు చూసింది. ఆ కొలతల పుస్తకంలో నాలుగున్నర నెలల తారీఖులు, అంగుళాలతో సహా ఉన్నాయి. ఏ డాక్టరుకీ ఏ రోగీ అంత చక్కగా రాసి ఇచ్చి ఉండరు. మాస్టారు, "ఈ మధ్యేనండీ, ఒక నెల ఉంటుంది" అన్నారు. సాధన సంగతి బయటివాళ్ళకి చెప్పకూడదు గనక తమ్ముడు దాస్తున్నాడని అక్క అనుకుంది.

తీరా సంతకం దగ్గరికి వచ్చేసరికి అక్క మొండికేసింది. "వెన్నులో కత్తి పెట్టనివ్వను. దారి తెగిపోతుంది. జపం ఇంకా తొమ్మిది వేలే మిగిలింది, పన్నెండు రోజులు ఆగమనండి." రోజులు కాదు, గంటలు కూడా లెక్కేనని డాక్టరమ్మ చెప్పింది. మేనకోడలు అమ్మ కాళ్ళు పట్టుకుంది. అక్క జపమాల గుప్పిట్లో బిగించి కళ్ళు మూసుకుంది. ఆ పిల్ల బయటికి వచ్చి మావయ్య చొక్కా పట్టుకుంది. "నువ్వు చెబితేనే వింటుంది. వెళ్ళు మావయ్యా, చెప్పు."

మాస్టారు లోపలికి నిజం చెప్పడానికే వెళ్ళారు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. తలుపు తోసేటప్పుడు కూడా మొదటి వాక్యం సిద్ధంగానే ఉంది: అక్కా, నాకేమీ రాలేదు, నేను అబద్ధం చెప్పాను. మంచం పక్క కూర్చున్నారు. అక్క కళ్ళు తెరిచి, చిన్నపిల్ల పెద్దవాళ్ళని చూసినట్టు చూసింది. ఆ చూపు ముందు నోరు తెరిస్తే వచ్చింది ఇదీ:

"పెద్దాయన జపంలో కనిపించాడక్కా. కత్తి ఒంటికే తగులుతుంది, శక్తికి తగలదన్నాడు. చేయించుకోమన్నాడు."

"అలా అన్నాడా?" అని అక్క వెంటనే కలం అందుకుంది.

బయట మేనకోడలు మావయ్య రెండు చేతులూ కళ్ళకి అద్దుకుంది. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో మాస్టారికి తెలియలేదు.

గడ్డ మొత్తం వచ్చేసింది. కాళ్ళు మాత్రం రాలేదు. "నరం చాలాకాలం నలిగిపోయింది. నెల అని చెప్పారు గానీ, నెలలో ఇంత నలగదు. ఒక రెండు నెలల ముందు వచ్చి ఉంటే నడిచి ఇంటికి వెళ్ళేవారు. ఇప్పుడు ఎంతవరకు వస్తుందో చెప్పలేను" అంది డాక్టరమ్మ. మేనకోడలు గోడకి తిరిగి నిలబడింది. "నేను బరబరా ఈడ్చుకొచ్చి ఉండాల్సింది. నాదే తప్పు. నేనే ఊరుకున్నాను" అని అదే మాట అంటూ నుదురు గోడకి కొట్టుకుంది. మాస్టారు పక్కనే ఉన్నారు. కాదమ్మా అనాల్సింది పోయి, మందుల చీటీ మడతపెట్టుకుంటూ నిలబడ్డారు.

నెల రోజులు అలా గడిచాయి. ఆసుపత్రి కిందిభాగంలో వ్యాయామం గది ఉంది. రెండు ఇనుప కడ్డీల మధ్య అక్కని నిలబెడతారు. అటొకరు ఇటొకరు పట్టుకోవాలి. కుడికాలి బొటనవేలు కదిలింది, ఎడమ మోకాలికి కొద్దిగా పట్టు వచ్చింది. అంతే. మాస్టారు కొట్టు మూసేసి పగలంతా అక్కడే ఉండేవారు. జపమాల ముట్టుకోవడం మానేశారు. తెల్లవారుజామున మెలకువ వస్తే లేచి కూర్చునేవారు గానీ, మంత్రం పెదాల దాకా వచ్చేసరికి లేచి ఆసుపత్రికి బయల్దేరేవారు. లైబ్రేరియను, గడియారాలాయన చూడటానికి వచ్చి, "మీ సాధన బలమే ఆవిణ్ణి బతికించింది మాస్టారూ" అని వెళ్ళారు.

ఒకరోజు పొద్దున అక్క ఆయన్ని దగ్గరికి రమ్మంది. మేనకోడలు ఇంకా రాలేదు. వార్డులో తడిబట్టతో నేల తుడుస్తున్నారు.

"ఒరేయ్, నీకో సంగతి చెప్పాలి. ఎన్నాళ్ళు దాచుకోను?" అంది.

"మధ్యలో కొన్ని రోజులు నాకు విసుగొచ్చిందిరా. నడుం లాగేస్తోంది, కూర్చోలేకపోయాను. ఐదు మాలలే తిప్పి ఏడు తిప్పానని నీకు చెప్పాను. అలా ఒక పది రోజులు చేశాను. మంత్రం దగ్గర దొంగలెక్క చెప్పినందుకే నా కాళ్ళు పోయాయి. పైగా తొమ్మిది వేలు మిగిల్చి మధ్యలో ఆపేశాను." చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నా సంగతి సరే. నువ్వు నన్నంత నమ్మావు. నీ దగ్గరికొచ్చే వాళ్ళ ముందు నీ పేరు చెడగొట్టాను. నన్ను క్షమించరా తమ్ముడూ."

మాస్టారు ఆమె చేతిని పట్టుకోబోయి ఆగిపోయారు. అరవై ఏళ్ళ మనిషి, కాళ్ళు పోయిన మనిషి, రోజుకి రెండు మాలల అబద్ధానికి క్షమించమని అడుగుతోంది. అడుగుతున్నది ఎవర్ని!

"అక్కా, ఆపు" అన్నారు. "నాకెప్పుడూ ఏదీ రాలేదు."

"ఏది?"

"శక్తి. ఇస్త్రీపెట్టె అన్నానే, అది. అంతా అబద్ధం. పదకొండేళ్ళలో నాకు ఒక్కసారి కూడా చీమ పాకినట్టు కూడా లేదు. వాళ్ళు అడిగితే సిగ్గుపడి చెప్పాను. నువ్వు నమ్మావు." ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. కుట్లు వంకర పోవడం చూశానని, విప్పి కుట్టానని, సూది గుచ్చుకున్న రోజే భయం వేసిందని, పిల్ల అడిగితే ఆగమన్నానని, పెద్దాయన కనిపించాడన్నది కూడా కట్టుకథేనని చెప్పారు. డాక్టరమ్మ దగ్గర నెల అన్నది కూడా చెప్పారు. "నీ లెక్క వల్ల కాదక్కా నీ కాళ్ళు పోయింది. నా వల్ల."

నేల తుడిచే ఆమె బకెట్టు పట్టుకుని పక్క వరసలోకి వెళ్ళిపోయింది. అక్క ఆయన్ని చూడలేదు. గోడవైపు తిరగబోయింది. నడుం పైభాగం తిరిగింది గానీ కాళ్ళు అక్కడే ఉండిపోయాయి. అలా మెలిపడి ఒక నిమిషం ఉంది. మాస్టారు లేచి ఆ రెండు కాళ్ళూ ఎత్తి, గోడవైపు తిప్పి, మధ్యలో దిండు పెట్టి, దుప్పటి కప్పారు. అక్క వద్దనలేదు.

గోడకేసి చూస్తూనే అడిగింది. "ఆ మొదటి రోజుది?"

"ఏంటక్కా?"

"మెట్లు దిగి పరుగెత్తుకొచ్చానే. ఆ పొద్దున నాకెంత సంతోషం వేసిందో నీకు తెలియదు. అప్పుడు నా లోపల ఒకటి లేచి నిలబడ్డట్టే అనిపించింది. అది కూడా గడ్డేనా?"

కాదక్కా, అది మాత్రం నిజం అనొచ్చు. అంటే ఆవిడకి కాస్త మిగులుతుంది. మాస్టారికి ఆ మాట గొంతుదాకా వచ్చింది. జాలితో చెప్పే అబద్ధం ఎంత సులువుగా వస్తుందో చూసి తన మీద తనకే భయమేసింది.

"తెలియదక్కా. నాకు నిజంగా తెలియదు" అన్నారు.

"సరే. అయితే దాన్ని నాకొదిలెయ్. దాని జోలికి మాత్రం రాకు." దుప్పటి భుజం మీదికి లాక్కుని, "పిల్ల తన వల్లే అనుకుని ఏడ్చి చస్తోంది. దానికి చెప్పు. ఇవాళే చెప్పు. నన్ను చెప్పమనకు, నేను చెబితే నిన్ను వెనకేసుకొస్తాను. నాకు చిన్నప్పట్నుంచీ అదే అలవాటు" అంది.

మాస్టారు కొట్టుకి వెళ్ళి కొలతల పుస్తకం తెచ్చారు. మేనకోడలు మధ్యాహ్నం పోస్టాఫీసు నుంచి నేరుగా వచ్చింది, చేతిలో ఫ్లాస్కు, వేళ్ళకి ఇంకా సిరా. వరండాలో మావయ్యని చూసి, "ఏంటి మావయ్యా ఇక్కడ కూర్చున్నావ్? తిన్నావా?" అంది.

"కూర్చోమ్మా" అన్నారు.

చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పిల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తిప్పింది. ఎవరివో మెడలు, ఎవరివో చేతులు, మధ్యలో అమ్మ పేజీ. చీలమండ నుంచి నడుం దాకా ఒక్కో తారీఖు కింద వేలు పెట్టి చదివింది. 'మోకాలికి పైన నాలుగు' అన్నచోట వేలు ఆగింది.

"నేను కొట్లోకి వచ్చి నిన్నడిగిన రోజు, ఇది రాసిన తర్వాతే కదా?"

"అవునమ్మా."

"అప్పటికి నీకు తెలుసా?"

"అనుమానంగా ఉండేది."

"తెలుసా అని అడిగాను."

"తెలుసు" అన్నారు మాస్టారు.

ఆ పిల్ల అరుస్తుందని ఆయన ఎదురుచూశారు. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నారు. అరవలేదు. పుస్తకం మూసి, "ఇది డాక్టరుగారికి కావాలి" అని సంచిలో పెట్టుకుంది. లేచి నిలబడింది. మొహం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళి, చాలాసేపు అక్కడే ఉండి, తిరిగి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది, కౌంటరు అవతలి మనిషితో మాట్లాడేటప్పుడు ఉండేంత మామూలుగా.

"అమ్మకి రెండింటికి వ్యాయామం. పట్టుకోవడానికి ఇద్దరుండాలి, నేనొక్కదాన్ని సరిపోను" అంది. ఫ్లాస్కు అందుకుంది.

"మీరూ రండి మాస్టారూ."

ఐదేళ్ళప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని జడ వేయించుకున్న పిల్ల అది. మాస్టారు బెంచీ పట్టుకుని లేచారు. ఆ పిల్ల ఎడమవైపు నిలబడితే, కుడివైపు పట్టుకోవడానికి లోపలికి వెళ్ళారు.